మా డాబా మీది ఎండ

మెట్టుగూడలో మా ఇంటి డాబా మీద నాలుగు సోలార్ ప్లేట్లున్నాయి. ఎండ కాసినన్నాళ్ళూ వాటి పని అవి చేసుకుపోతుంటాయి. మధ్యాహ్నం దాటేసరికి కింద బ్యాటరీలు నిండిపోతాయి, ఒక్క డిసెంబరులో తప్ప. ఆ కరెంటుతో ఫ్యానూ, రెండు లైట్లూ, అమ్మ చూసే టీవీ నడుపుకుంటాం. ఇంటికొచ్చిన వాళ్ళు డాబా వైపు చూసి, ఎంత ముందుచూపండీ మీకు అని మెచ్చుకుంటారు. బిల్లు బాగా తగ్గి ఉంటుందే అంటారు. ఏదో ఒక జవాబు చెప్పి టీ ఇచ్చి పంపిస్తాను. బిల్లు కోసం పెట్టించినవి కావవి. నాన్న ఊపిరి కోసం పెట్టించాం.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి. బంద్ అంటే మా బడికి సెలవు, కరెంటు కోత అంటే మా ఇంటికి గండం. ఇంట్లో ముగ్గురం, నేనూ అమ్మా నాన్నా. నేను దగ్గర్లోని ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేదాన్ని. నా పెళ్ళి గురించిన దిగులు మా చర్చి సంఘంలో అందరికీ ఉండేది, నాకు తప్ప. నాన్న గుంటూరు వైపు నుంచి కుర్రతనంలోనే రైల్వే ఆఫీసులో గుమాస్తాగా వచ్చి, సికింద్రాబాదు వదిలి మళ్ళీ ఎక్కడికీ కదలలేదు. రిటైరైన కొన్నాళ్ళకి ఆయన్ని దగ్గు పట్టుకుంది. ఒకరు దుమ్మన్నారు, ఒకరు ఉబ్బసమన్నారు. చివరికో డాక్టరు ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, ఇది తగ్గే జబ్బు కాదని, ఉన్నన్నాళ్ళు ఆయాసం లేకుండా చూసుకోమని చెప్పాడు.

అప్పుడు మా ఇంటికి ఆ మిషన్ వచ్చింది. గాలిలోంచి ఆక్సిజన్ వడగట్టి ఇచ్చే మిషన్. స్టూలంత ఎత్తు, కింద చక్రాలు. దాని గొట్టం నాన్న ముక్కుకి. రోజంతా అది గుర్రుమంటూనే ఉండాలి. ఆగిందంటే కాసేపటికే నాన్న పెదాలు నల్లబడేవి, మెడ నరాలు తేలేవి. ఆ చప్పుడుకి మొదట్లో మాకు నిద్ర పట్టేది కాదు. తర్వాత్తర్వాత ఆ చప్పుడు లేకపోతే మెలకువ వచ్చేసేది.

ఆస్పత్రిలో చేర్చెయ్యమని బంధువులంతా అన్నారు. సలహాలివ్వడంలో మావాళ్ళు ఎప్పుడూ ఎవరికీ లోటు చెయ్యలేదు. నాన్న మాత్రం ససేమిరా అన్నారు. ఆయన అన్నగారు ఆస్పత్రిలోనే పోయారు. ఆఖర్న ఇంట్లోవాళ్ళని లోపలికి రానివ్వలేదట. నాన్న అద్దం తలుపు ఇవతల నిలబడి చెయ్యి ఊపితే, ఈ మనిషెవరన్నట్టు చూశారట పెదనాన్న. ఆ చూపు నాన్న మనసులో అలాగే ఉండిపోయింది. ఒక సాయంత్రం మమ్మల్నిద్దర్నీ మంచం దగ్గర కూచోబెట్టుకున్నారు.

"నన్ను ఆస్పత్రికి మాత్రం తీసుకుపోకండి. పోయేదేదో ఈ కిటికీ పక్కనే, మీ ఇద్దరి మధ్యనే పోతాను. ఆ ఒక్క మాటా ఇవ్వండి, చాలు."

ఇచ్చాం. మాట ఇచ్చింది మేమే అయినా నిలబెట్టాల్సింది కరెంటు అని మాకు అప్పుడు తట్టలేదు.

కోతలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చెప్పిన వేళకి పోవడంలో పొరపాటుండేది కాదు, చెప్పిన వేళకి రావడమే ఉండేది కాదు. ఇన్వర్టర్ ఉంది గానీ మా వీధిలో ఓల్టేజి అంతంత మాత్రం. కరెంటు ఉన్న కాసేపట్లో బ్యాటరీలు చార్జింగుకి లాక్కుంటే ఇంట్లో దీపాలు గుడ్డివైపోయేవి, ఓల్టేజి చాలక నాన్న మిషన్ కీచుమని అరిచేది. చార్జింగ్ తీసేస్తే సాయంత్రం కోతలో బ్యాటరీలు చేతులెత్తేసేవి. మిషన్ ఆగితే ఆక్సిజన్ సిలిండర్ విప్పాలి. గండానికి పనికొస్తుందని ఒక చిన్న సిలిండర్ తలుపు మూల పెట్టుకున్నాం. దాని ముల్లు కిందికి దిగుతుంటే అమ్మ పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకునేది. నేను కరెంటు ఆఫీసుకి ఫోన్ చేసి నోరు పారేసుకునేదాన్ని. రెండింటి వల్లా కరెంటు మాత్రం వచ్చేది కాదు.

సోలార్ గురించి చెప్పింది మా బడిలో పనిచేసే టీచరొకావిడ. మారేడ్‌పల్లిలో వాళ్ళింటి డాబా మీద పెట్టించారట. ఆదివారం వెళ్ళి చూసొచ్చాను. నెల తిరక్కుండా మా డాబా మీదా లేచాయి. బిగించడానికి వచ్చినాయన నడివయసు మనిషి, నిదానస్తుడు. ప్లేట్లు దక్షిణానికి తిరిగి ఉండాలన్నాడు. మా వీధి కూడా దక్షిణం వైపే కాబట్టి వీధి పిట్టగోడ దగ్గరే వరసగా బిగించాడు. ఓల్టేజి గొడవ లేకుండా బ్యాటరీలు ఎండతో మాత్రమే నిండేట్టు మార్చాడు. వెళ్తూ వెళ్తూ అమ్మకో జాగ్రత్త చెప్పాడు. నాలుగూ గొలుసులాగా ఒకదానికొకటి కలిపి ఉన్నాయి, ఒకదాని మీద ఏదైనా అడ్డం పడితే మిగిలిన మూడూ దానితోపాటే నీరసిస్తాయి, ఆకులూ పక్షుల రెట్టలూ లేకుండా చూసుకోండి అన్నాడు. ఆ రోజు నుంచీ అమ్మ పొద్దున్నే మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి, తడిగుడ్డతో నాలుగింటినీ తుడిచి వచ్చేది. ఒక్క పూట మానలేదు.

ఆ వేసవి, ఆ వానాకాలం మేము నిశ్చింతగా బతికాం. కరెంటు పోయినట్టు పక్కిళ్ళ కేకలు వింటేగానీ మాకు తెలిసేది కాదు. మిషన్ గుర్రుమంటూనే ఉండేది. నాన్నకి గొప్ప హుషారొచ్చింది. చూడ్డానికి వచ్చిన వాళ్ళందరికీ, నేనిప్పుడు గాలి పీల్చట్లేదండీ, ఎండ పీలుస్తున్నాను అని చెప్పేవారు. పాస్టరుగారితో కూడా అదే మాట. మబ్బు పట్టిన రోజున ఆయనే కిటికీలోంచి ఆకాశం చూసి, ఇవాళ ఎక్కువ మాట్లాడను, పొదుపు చెయ్యాలి అని నవ్వేవారు. ఆ నవ్వు దగ్గులోకి దిగేది. అయినా అవి మంచి రోజులే. మాట నిలబెట్టుకుంటున్నామని నాకు గర్వంగా కూడా ఉండేది.

నవంబరు వచ్చింది. మా ఇళ్ళల్లో డిసెంబరు మొదటి రోజుకి డాబా మీద క్రిస్మస్ స్టార్ లేవాలి. బజారులో దొరికే స్టార్ మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. ఏటా నాన్నే వెదురు బద్దలు చీరి, దారంతో కట్టి, గాలిపటాల కాగితం అంటించి చేసేవారు. ఆ ఏడు ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆయనే ఎత్తారు. వెదురు తెప్పించమన్నారు. వద్దంటే వినే మనిషా. ముక్కుకి గొట్టంతోనే మంచం మీద కూచుని బద్దలు నునుపు చేశారు. అమ్మ మైదాపిండి జిగురు ఉడికించి ఇచ్చింది. కాసేపు అంటించేవారు, కాసేపు దిండుకి ఆనుకుని కళ్ళు మూసుకునేవారు. మంచుకి చిరగకూడదని ఈసారి కాగితం రెండు పొరలు వేశారు. ఎప్పుడూ చేసేదానికంటే బాగా పెద్దది చేశారు. ఎందుకంత అని అడిగితే, ఈ ఏడు పనేం ఉంది నాకు అన్నారు. అదే ఆఖరిదని ఆయనకి తెలుసని నాకు తెలిసింది. అమ్మకీ తెలిసే ఉంటుంది. ముగ్గురం కాగితం రంగు గురించి వాదించుకున్నాం.

ఎదురింటాయనకి బోయిగూడలో టెంట్ హౌసు ఉంది. తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబం వాళ్ళది. పండగలు వేరైనా, మా స్టార్ కట్టేది ఏటా ఆయనే. షామియానాల కర్రల్లోంచి మంచి పొడుగుది ఏరి తెచ్చాడు. స్టార్ వీధి వైపే ఉండాలని, పాటలు పాడుతూ వచ్చే మన సంఘం వాళ్ళకి మెయిన్ రోడ్డు మలుపులోంచే కనబడాలని నాన్న మంచం మీంచి ఆజ్ఞలు వేశారు. ఎదురింటాయన ఆయన మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మీరేం పరేషాన్ గాకుండ్రి సార్. రోడ్డు మీదికెళ్లి సుత కనవడేటట్లు కడ్త. మీరు పండుకోని సూడుండ్రి, మా గోడ మీద ఎట్ల పడ్తదో."

అన్నట్టే కట్టాడు. వీధి పిట్టగోడకి కర్ర బిగించి, దాని చివర స్టార్. చీకటి పడి లోపల బల్బు వెలగ్గానే ఎదురింటి తెల్ల గోడ మీద ఎర్రటి వెలుగు పడింది. నాన్న మంచం మీంచి డాబా కనబడదు, ఆ గోడ కనబడుతుంది. ఆయన చాలాసేపు ఆ గోడకేసి చూస్తూ పడుకున్నారు. అమ్మ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూచుంది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఏ లోటూ లేదనిపించింది నాకు.

ఆ తర్వాత బ్యాటరీలు నిండటం మానేశాయి.

ముందు గమనించింది అమ్మే. సాయంత్రానికి అన్ని దీపాలూ పచ్చగా వెలగాల్సిన ఇన్వర్టర్ మీద సగమే వెలుగుతున్నాయంది. చలికాలం, పొద్దు తక్కువ కదా అన్నాను. అమ్మ తుడిచిన ప్లేట్లనే మళ్ళీ తుడిచింది, ఈసారి సబ్బునీళ్ళతో. రోజురోజుకీ తగ్గడమే గానీ పెరగడం లేదు. సాయంత్రం కోతలో కాసేపటికే ఇన్వర్టర్ కీచుమనేది. సిలిండర్ మళ్ళీ విప్పాం. నేను సోలార్ బిగించినాయనకి ఫోన్ చేసి అనరాని మాటలన్నీ అన్నాను. నాసిరకం అంటగట్టావన్నాను, ముసలాయన ప్రాణంతో ఆటలాడుతున్నావన్నాను. పాపం ఆయన పనులన్నీ ముగించుకుని, చీకటి పడ్డాక బండి మీద వచ్చాడు. టార్చిలైటు వేసి తీగలూ బిగింపులూ అన్నీ చూశాడు. ఎక్కడా తప్పు లేదన్నాడు. బ్యాటరీలు ఒకటి రెండు రోజులు బాగా నిండనిచ్చి చూడండన్నాడు. అవి నిండితే నీతో నాకేం పని అని అరిచాను. గొడవ వద్దమ్మా అని లోపల్నుంచి నాన్న పిలిచారు.

ఆ ఆదివారం ఉదయం ఆరాధనకి నేను వెళ్ళాను, అమ్మ ఇంట్లో ఉంది. తిరిగొచ్చి అన్నాలు తింటుండగా కరెంటు పోయింది. ఆ వేళకి కోత లేదు, ఎక్కడో ఏదో తగలబడిందన్నారు. బ్యాటరీలు ఎంతోసేపు ఆగలేదు. సిలిండర్ అంతకుముందు సాయంత్రాల కోతల్లోనే చాలా మటుకు అయిపోయి ఉంది. మార్పించే దుకాణం ఆదివారం మూత. నాన్న కూచోలేరు, పడుకోలేరు. దిండు కావలించుకుని ముందుకి వంగి, నోటితో గాలి అందుకుంటున్నారు. ముల్లు అడుక్కి చేరింది. నేను అమ్మ ముఖం చూశాను. అమ్మ తల పక్కకి తిప్పుకుంది. ఎదురింటాయన సామాన్ల వ్యాను తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

లేవదీస్తుంటే నాన్న కిటికీ ఊచ పట్టుకున్నారు. మాకేసి చూడటం లేదు. ఊచ మాత్రం వదల్లేదు. అమ్మ ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. "రండి, కాసేపే, మళ్ళీ వచ్చేద్దాం" అంది, పసివాడికి చెప్పినట్టు. ఆ వ్యానులో మడతపెట్టిన షామియానా గుడ్డల మధ్య కూచుని ఆస్పత్రికి వెళ్ళాం.

మర్నాడు బట్టలు తేవడానికి నేనొక్కదాన్నీ ఇంటికొచ్చాను. మధ్యాహ్నం వేళ. అమ్మ ఆరేసిన దుప్పట్లు తీగ మీదే ఉండిపోయాయి, తీద్దామని డాబా ఎక్కాను. ఎండ కళ్ళు చిట్లించేంత ఉంది. ఇంత ఎండ పెట్టుకుని ఏం రోగం వీటికి అని కోపంగా ప్లేట్ల కేసి చూశాను.

రెండో ప్లేటు మీద నల్లగా ఒక నక్షత్రం పడి ఉంది.

తలెత్తి చూశాను. కర్ర మీద స్టార్, దాని వెనక చలికాలపు సూర్యుడు. ఐదు కొనలూ ప్లేటు మీద అచ్చు గుద్దినట్టున్నాయి. అక్కడే కూచున్నాను. చూస్తుండగానే నీడ మెల్లగా జరిగి పక్క ప్లేటు మీదకి ఎక్కింది. ఎండ గట్టిగా కాసే పూటంతా ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి పాకుతూనే ఉంటుందది. అమ్మ తుడిచే పొద్దుటి వేళకి నీడ పక్కింటి డాబా మీద ఉండేది. నేను బడి నుంచి వచ్చేసరికి ప్లేట్లు దాటిపోయేది. రిపేరుకి వచ్చినాయన చూసింది చీకట్లో. వేసవిలో స్టార్ లేదు. పలచటి కాగితం ఒక్క పొరే అయితే కాస్తయినా వెలుతురు దిగేదేమో. మంచుకి చిరగకూడదని ఆయనే రెండు పొరలు అంటించారు. అందరికీ కనబడాలని ఆయనే అంత పెద్దది చేశారు.

నాకు కోపమొస్తే ఎవర్నో ఒకర్ని తిట్టి తీర్చుకునే అలవాటు. ఆ రోజు తిట్టడానికి ఎవరూ లేరు. ఎదురింటాయన్ని తిట్టనా, వెదురు బద్దల్ని తిట్టనా. దేవుణ్ణి అడగబోయి, లేచి కర్ర దగ్గరికి వెళ్ళాను. కట్లు విప్పి స్టార్ దించి, మెట్లగదిలో గోడకి ఆనించాను. అమ్మకి దుప్పట్లూ నాన్నకి పంచెలూ సర్దుకుని, ఇంటికి తాళం వేశాను. మర్నాడు మళ్ళీ వచ్చి చూస్తే ఇన్వర్టర్ మీద దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. ఖాళీ మంచం పక్కన, ఆపేసిన మిషన్ పక్కన, నిండుగా కరెంటు. అప్పుడు ఏడ్చాను.

ఆస్పత్రి వరండాలో అమ్మకి చెప్పాను. అమ్మ కొంగు అంచు నలుపుతూ వింది. ఆయన చెవిన మాత్రం పడనివ్వకు అంది.

నాన్న కాస్త తేరుకున్నారు. ఇలాగే ఉంటే ఇంటికి పంపిస్తామని డాక్టరు కూడా అన్నాడు. సాయంత్రం చూడనిచ్చే వేళకి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. ఆయన మాస్కు కాస్త పక్కకి జరిపి నన్ను దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకున్నారు.

"స్టార్ వెలుగుతోందా?"

"వెలుగుతోంది నాన్నా."

"ఎదురింటి గోడ మీద పడుతోందా?"

"పడుతోంది."

ఆయన ముఖం విప్పారింది.

"అయితే కరెంటు బాగానే ఉందన్నమాట. ఇంకా ఇక్కడెందుకూ. ఇంటికి పోదాం పదమ్మా."

ఆయనన్నది నిజమే, ఇంట్లో కరెంటు బాగానే ఉంది. స్టార్ వెలగడం లేదు కాబట్టి ఉంది. రేపు డాక్టర్ని అడుగుతాను నాన్నా అన్నాను. ఆయన నా చెయ్యి వదిలి, మాస్కు తనే సరిచేసుకుని, ప్రయాణానికి సిద్ధమైన మనిషిలా వెల్లకిలా పడుకున్నారు.

తెల్లారేసరికి ఆయన్ని లోపలి గదికి మార్చేశారు. అద్దం తలుపు. మమ్మల్ని రానివ్వలేదు. అద్దంలోంచి చూస్తే ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. చెయ్యి ఊపమ్మా అంది అమ్మ. నేను ఊపలేదు. ఊపితే ఆయన నన్ను ఎవరో అన్నట్టు చూస్తారేమోనని భయమేసింది. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. కిటికీ పక్కన కాదు, మా మధ్య కాదు. ఆయన వద్దన్నచోటే, వద్దన్న విధంగానే.

మా గుమ్మం ముందు ఎదురింటాయన టెంటు వేశాడు. క్రిస్మస్ ఇంకా రాలేదు. మా సంఘం వాళ్ళు ఆ ఏడు మా ఇంటికి వచ్చి పాడింది సమాధి పాటలు. స్టార్ ఎందుకు దించానో ఎదురింటాయన అడగలేదు, చావు ఇల్లు కాబట్టి దించామనుకుని ఉంటాడు. నేనూ చెప్పలేదు. అది కట్టిన చేతులు ఆయనవి. ఆ భారం ఆయనకెందుకు.

మిషన్ని ఎవరికో అవసరముందంటే ఇచ్చేశాం. అది లేని ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది, నిద్రలో ఉలిక్కిపడి లేచేవాళ్ళం. కోతలు ఆ వేసవిలోనూ ఉన్నాయి. కరెంటు పోయినా మా ఇంట్లో దీపాలు వెలుగుతూనే ఉండేవి. పక్కిళ్ళ వాళ్ళు, మీకేమండీ అదృష్టవంతులు అనేవాళ్ళు. అమ్మ పొద్దున్నే మెట్లెక్కి ప్లేట్లు తుడవడం మాత్రం మానేసింది. వాన పడితే అదే కడుగుతుంది, లేకపోతే లేదు.

మళ్ళీ నవంబరు ఆఖరు. బడి నుంచి వచ్చేసరికి హాల్లో మైదా జిగురు వాసన. అమ్మ మెట్లగదిలోంచి స్టార్ కిందికి తెచ్చుకుని, దుమ్ము దులిపి, ఎలుకలు కొరికిన చోట కొత్త కాగితం అంటిస్తోంది. రెండు పొరలు. నేను చెప్పులు విప్పి పక్కన కూచుని కాగితం కత్తిరించి ఇచ్చాను. ఆరాక ఎక్కడ కడదామని అడిగితే, ఆయన కట్టించిన చోటే అంది.

"అక్కడైతే ప్లేట్ల మీద నీడ పడుతుందమ్మా. ఈసారి వెనక వైపు కట్టిద్దాం."

అమ్మ జిగురు చేతులు కొంగుకి తుడుచుకుంది.

"పడనీ. ఆ ఎండ ఇప్పుడెవరు పీల్చాలి?"

నేను వీధి దాటి వెళ్ళి ఎదురింటాయన్ని పిలుచుకొచ్చాను. ఆ కర్రకే, అక్కడే కట్టాం.